నా వాచీలో అరగంట తక్కువ

అక్క పెళ్లిలో లాజహోమం అప్పుడు ఆమె దోసిట్లో పేలాలు పోయాల్సింది తమ్ముణ్ని, అంటే నేను. పోసింది మాత్రం మా పిన్ని కొడుకు. ఆ టైముకి నేను దుబాయ్ ఎయిర్‌పోర్టులో నేల మీద కూర్చుని, వీడియో కాల్‌లో పెళ్లి చూస్తున్నా.

ఆఫీసులో రిలీజ్ ఉండటంతో లండన్ నుంచి ఆఖరి రోజున బయల్దేరా. దుబాయ్‌లో దిగేసరికి అర్ధరాత్రి దాటింది. హైదరాబాద్ ఫ్లైట్ 3:30కి. ఫోన్‌లో 2:30కి అలారం పెట్టుకుని కుర్చీలోనే కళ్లు మూశా. ఫోన్ ఇంకా ఫ్లైట్ మోడ్‌లోనే ఉంది, అందులో ఇంకా లండన్ టైమే నడుస్తోంది. స్క్రీన్ మీద తొమ్మిదిన్నర అని కనిపిస్తున్నా నిద్రమత్తులో బుర్రకెక్కలేదు. మే నెలలో దుబాయ్ లండన్ కంటే 3 గంటలు ముందుంటుంది. అలారం మోగేసరికి అక్కడ 5:30. ముహూర్తం మధ్యాహ్నం 12:20కి. నాకు సీటు దొరికింది సాయంత్రం ఫ్లైట్‌లో.

ఫోన్ తప్పు చెప్పలేదు. అది ఏ ఊరి టైమో నేనే చూసుకోలేదు. అక్క కూడా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతే నాకు పైలట్ వాచీల పిచ్చి పట్టుకుంది. విమానాల వాతావరణ రిపోర్టులు, ఫ్లైట్ ప్లాన్లు ఏ దేశంలోనైనా ఒకే టైములో రాస్తారు. అదే యూటీసీ. దాన్ని సూచించే అక్షరం జెడ్. రేడియోలో జెడ్‌ని 'జులూ' అని పలుకుతారు కాబట్టి జులూ టైమ్ అనే పేరొచ్చింది. 1950ల్లో పాన్ యామ్ పైలట్ల కోసం రోలెక్స్ చేసిన జీఎంటీ మాస్టర్‌లో మామూలు మూడు ముళ్లతో పాటు నాలుగోది కూడా ఉంది. అది రోజుకి ఒక్కసారే తిరిగి, 24 గంటల లెక్కలో ఇంకో ఊరి టైము చూపిస్తుంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే.

రోలెక్స్ మన వల్ల కాదు. 2022లో వచ్చిన లాంజీన్స్ స్పిరిట్ జులూ టైమ్ మీద మనసు పడింది. కీ పిడి మర విప్పి ఒక మెట్టు లాగి తిప్పితే గంటల ముల్లు ఒక్కటే గంట చొప్పున గెంతుతుంది. మిగతావి ఆగకుండా వాటి పని అవి చేసుకుంటాయి. దేశం మారినప్పుడల్లా వాచీ ఆపి మళ్లీ సెట్ చేసే గొడవ లేదు. కానీ కొత్తది కొనాలంటే బైక్ లోన్ తీరకుండానే ఇంకో లోన్. అందుకే సెకండ్ హ్యాండ్ వెతికా.

మొదట చూసిన వాచీ అద్దంలా మెరుస్తోంది, ధర కూడా తక్కువే. అడ్వాన్స్ పంపబోయి, చివర్లో కార్డు మీది సీరియల్ నంబర్, వాచీ వెనక నంబర్ పక్కపక్కన పెట్టి ఫొటో పంపమన్నా. రెండు రోజులు ఇదిగో అదిగో అన్నాడు. మూడో రోజు నా నంబర్ బ్లాక్ చేశాడు. వీకెండ్లలో కూడా పనిచేసి దాచుకున్న డబ్బు అలా ఒక్క ఫొటో అడగడంతో మిగిలింది.

రెండోసారి అమ్మేవాణ్ని నేరుగా అబిడ్స్ దగ్గర ఓ పాత రిపేరు షాపుకే రమ్మన్నా. పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత విప్పాడు. లోపల తుప్పు, తేమ ఉన్నాయేమో చూశాడు. టైమింగ్ మెషీన్ మీద పెడితే రోజుకి 3 సెకన్లు ఫాస్ట్ చూపించింది.

"గీతలున్నాయి కదా భాయ్?" అన్నా.

"ఉండనీ బేటా. గీతలున్నాయంటే ఎవరూ అరగదీయలేదన్నట్టు. పాలిష్ ఎక్కువ కొడితే అంచులు పోతాయి, మళ్లీ రావు" అన్నాడు.

లక్షా డెబ్బై వేలకి బేరం కుదిరింది. కార్డు, బిల్లు రెండూ ఉన్నాయి. పైన సర్వీసు ఖర్చు కోసం ఇంకొంత పక్కన పెట్టుకోమని కూడా పెద్దాయనే చెప్పాడు. ఇంకోటి, ఖరీదైన వాచీతో విదేశాలకి వెళ్తుంటే బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చాక ఇది అక్కడ కొన్నది కాదని నిరూపించుకునే పని ఉండదు.

అసలు తమాషా ఇంటికొచ్చాక తెలిసింది. నాలుగు ముళ్లున్నా నిమిషాల ముల్లు ఒక్కటే కదా! లండన్‌లో సరిగ్గా 10 గంటలైతే మనకి మూడున్నరో, రెండున్నరో. ఆ అరగంటని నాలుగో ముల్లు చూపించలేదు. ఇంటి టైము కోసం లక్షా డెబ్బై వేలు పోసి కొన్న వాచీ, సరిగ్గా మా ఇంటి టైమే చెప్పదు!

ఆ సంగతి చెబితే బావ నవ్వి, తన పాత హెచ్ఎంటీ విప్పి తలకిందులుగా పట్టుకున్నాడు. "ఇదిగో బామ్మర్దీ, లండన్ టైము" అన్నాడు. మూడున్నరప్పుడు తిప్పితే నిజంగానే దాదాపు పదిలా కనిపించింది. మనకీ గ్రీన్‌విచ్‌కీ తేడా ఐదున్నర గంటలు కావడం వల్ల జరిగే చమత్కారమది. చలికాలంలో పనికొస్తుంది. ఎండాకాలంలో లండన్ వాళ్లు గంట ముందుకి జరుపుకుంటారు కాబట్టి కుదరదు.

ఇప్పుడు ప్రయాణాల్లో నాలుగో ముల్లుని యూటీసీలోనే ఉంచుతా. దానికి ఐదున్నర కలిపితే హైదరాబాద్. ప్రతిసారీ నేనే కూడుకోవాలి. మొదట్లో విసుగనిపించేది. కానీ కూడేటప్పుడు అమ్మ ఇప్పుడు పడుకుని ఉంటుందా, లేచి ఉంటుందా అని కూడా ఆలోచిస్తున్నా. ఫోన్ దానంతటదే టైము మార్చుకుంటున్నన్నాళ్లూ ఆ ఆలోచన నాకు రాలేదు.

పోయిన నెల మేనకోడలి బారసాలకి మళ్లీ దుబాయ్ మీదుగానే వచ్చా. విమానం దిగకముందే గంటల ముల్లు జరిపా. గేటు దగ్గరికి రెండు గంటల ముందే వెళ్లి, నిద్రపోకుండా నిలబడ్డా. అక్క మెసేజ్ పెట్టింది: "ఈసారైనా వస్తున్నావా, లేక ఆ వాచీలోనే చూస్తావా?"

పొద్దున ఇంటికెళ్లేసరికి ఉయ్యాలకి ఇంకా పూలు కడుతున్నారు.