మన సీమకు వచ్చిన పరదేశులు

బాలలూ! ఒకసారి మీ ఎడమ భుజం చూసుకోండి. చిన్న మచ్చ కనబడుతున్నదా? మీలో చాలామందికి కనబడుతుంది. అది మీరు పుట్టిన కొత్తలో వేసిన బి.సి.జి. టీకా మచ్చ. రోజూ బడిలో మీరు "జనగణమన" పాడతారు. ఆ మచ్చకూ, ఈ పాటకూ సంబంధం ఏమిటంటారా? రండి, మదనపల్లె పోదాం.

మదనపల్లె రాయలసీమలో సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన వున్న ఊరు. చెన్నపట్నంలోలాగా ఇక్కడ ఒళ్ళు జిడ్డు కారే ఉక్క వుండదు. పగలు ఎండ చురుక్కుమనిపించినా, పొద్దు వాలితే చల్లగాలి తిరుగుతుంది. దగ్గరలోనే ఏనుగు మల్లమ్మ కొండ వుంది. అది నాలుగువేల అడుగులకు పైనే. పూర్వం కడప కలెక్టరుగా వున్న హార్స్‌లీ దొర వేసవి గడపటానికి దానిమీద బంగళా కట్టుకున్నాడు. అప్పటినుంచి అది హార్స్‌లీ కొండ అయి కూచున్నది.

ఈ ఊరికి జేమ్స్ కజిన్స్ అనే కవి, ఆయన భార్య మార్గరెట్ వచ్చారు. వాళ్ళది ఐర్లండు. అక్కడ ఏడాది పొడుగునా వాన, మబ్బు, చలి. 1915లో వాళ్ళు మన దేశం వచ్చారు. అనీబిసెంటమ్మ నడిపే పత్రికలో జేమ్స్ పనిచేసేవాడు. 1916లో ఐర్లండు ప్రజలు ఇంగ్లీషు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. వాళ్ళను మెచ్చుకుంటూ జేమ్స్ ఒక వ్యాసం రాశాడు. దాంతో కొలువు పోయింది! పరాయి దేశంలో కొలువు పోతే ఎలా వుంటుందో ఆలోచించండి. అప్పుడు ఆయనకు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పని దొరికింది.

తిండి విషయంలో మాత్రం వాళ్ళకు చిక్కు రాలేదు. భార్యాభర్తలిద్దరూ శాకాహారులు. వాళ్ళ దేశంలో అటువంటి వాళ్ళు అరుదు. ఇక్కడ అది వింతేమీ కాదు గదా!

1919 ఫిబ్రవరి నెలాఖరులో రవీంద్రనాథ టాగూరు కజిన్స్ దంపతులకు అతిథిగా మదనపల్లె వచ్చాడు. ఒక సాయంకాలం విద్యార్థుల ముందు తాను 1911లో రాసిన "జనగణమన" పాడి వినిపించాడు. అక్కడ వుండగానే దాన్ని ఇంగ్లీషులోకి కూడా మార్చాడు. మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఆమె ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది. పాట గాలిలో కలిసిపోకుండా కాగితం మీద నిలబడింది. 1950లో అదే మన జాతీయగీతమయింది. మార్గరెట్ 1954లో పోయింది. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

మరి మచ్చ సంగతి? అదే రోజుల్లో ఫ్రిమోడ్ మోలర్ అనే డెన్మార్కు డాక్టరు మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆస్పత్రి నడిపాడు. అప్పటికి క్షయకు మందు లేదు. పొడిగాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. అందుకే ఈ ఊరి గాలి పనికివచ్చింది. తరవాత ఫ్రాన్సులో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆవులకు క్షయ తెచ్చే క్రిమిని 13 సంవత్సరాలపాటు పెంచి, దాని బలం ఉడిగేటట్టు చేసి టీకా తయారుచేశారు. బలం లేని ఆ శత్రువుతో సాము చేసి, మన ఒళ్ళు అసలు శత్రువును ఎదిరించటం నేర్చుకుంటుంది. మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టినది 1948లో, మదనపల్లెలోనే!

ఆవుల మాట వచ్చింది గనక పుంగనూరు పోదాం. పుంగనూరు ఆవు మీ నడుము ఎత్తున వుంటుంది. ప్రపంచంలోకల్లా పొట్టి ఆవులలో ఇది ఒకటి. ఈ జాతి ఇంచుమించు అంతరించిపోయే స్థితికి వచ్చి, ఇప్పుడు మళ్ళీ కోలుకుంటున్నది. ఇక్కడ రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిని చూడండి. ఇంతకంటే మన తిండి ఏముంటుంది, అనుకుంటున్నారా? రాగులు వేల ఏళ్ళ కిందట ఆఫ్రికానుంచి వచ్చాయి. వేరుసెనగ, మిరప, మదనపల్లె సంతలో కొండల్లా పోసే టమాటా, ఇవన్నీ అమెరికా ఖండాలనుంచి వచ్చిన పరదేశులే!

ఇంకా దక్షిణానికి పోతే కుప్పం. అక్కడ ఆంధ్ర, తమిళ, కన్నడ దేశాలు మూడూ కలుస్తాయి. ఒకే అంగట్లో మూడు భాషలూ వినబడతాయి. ఎవరు ఊరివాళ్ళో, ఎవరు పొరుగువాళ్ళో చెప్పటం కష్టం. అక్కడ ఎవరికీ ఆ అవసరమూ లేదు.

పరదేశులు ఇప్పుడూ వస్తున్నారు. 2019లో పెనుకొండ దగ్గర కొరియావాళ్ళ కియా కార్ల కర్మాగారం ప్రారంభమయింది. దాంతోపాటు కొరియా కుటుంబాలు కూడా వచ్చాయి. వాళ్ళ దేశంలో చలికాలం నీళ్ళు గడ్డకడతాయి. అందుకని చలి ముదరకముందే క్యాబేజీని ఉప్పూ కారమూ వేసి ఊరబెట్టి దాచుకుంటారు. దాన్ని కిమ్చి అంటారు. మీ అమ్మమ్మ వేసవిలో ఆవకాయ పెట్టదూ? అలాగే! ఫుట్‌బాల్ అంటే వాళ్ళకు మహా ఇష్టం. 2002లో ప్రపంచ కప్పు పోటీలు కొరియాలోనూ జపానులోనూ జరిగినప్పుడు లక్షలాదిమంది ఎర్రచొక్కాలు తొడుక్కుని వీధుల్లో నిలబడి కేకలు వేశారు. వాళ్ళ జట్టు సెమీ ఫైనలు దాకా వెళ్ళింది.

అటువంటి పిల్లవాడు ఒకడు మీ వీధిలోకి వచ్చాడనుకోండి. వాడికి తెలుగు రాదు, మన ఎండ పడదు, పప్పన్నం కొత్త. గోడ పక్కన ఒక్కడే నిలబడి చూస్తుంటాడు. అప్పుడు మీరేం చేస్తారు? పాటను దాచినది ఒక పరదేశి. రోగుల పక్కన నిలబడినవాడు మరొక పరదేశి. వాళ్ళకు మదనపల్లె చోటిచ్చింది. మీరు పెద్ద పనులేమీ చెయ్యనక్కర్లేదు. బంతి వాడివైపు తన్నండి, చాలు.