షోలాపూర్‌లో మా బావగారి లెక్కలు

నాలుగు రోజుల సెలవు దొరికితే, మా అక్కను చూచి రావాలని షోలాపూర్ బయలుదేరాను. రాత్రి బెంగుళూరులో రైలెక్కితే గుంతకల్లు, రాయచూరు నిద్రలోనే దాటిపోయాయి. కలబురగి దగ్గర తెల్లవారింది. మరి కొంతసేపటికి షోలాపూర్.

వూళ్లో చూడవలసింది సిద్ధేశ్వరుని చెరువు. నీటి నడుమ గుడి, పక్కనే పాత కోట. దర్శనం చేసుకుని తూర్పు పేటల వైపు నడిస్తే, బోర్డు మరాఠీలో, బేరం కన్నడంలో, తిట్టు మాత్రం శుద్ధమైన తెలుగులో! 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు పని ప్రారంభించింది. మిల్లులనూ మగ్గాలనూ నమ్ముకుని తెలంగాణ పల్లెలనుంచి మన పద్మశాలీలు వచ్చి స్థిరపడ్డారు. ఆనాటి పెద్ద మిల్లు మూతబడినా, చద్దర్లూ తువ్వాళ్లూ నేసే మరమగ్గాల చప్పుడు ఆ సందుల్లో ఇంకా వినబడుతూనే వున్నది.

ఆ చప్పుడు మధ్యనే మా బావగారి గది. చిన్న మగ్గాలవాళ్లకు లెక్కలు వ్రాసి, పన్ను కాగితాలు సిద్ధం చేయడం ఆయన వృత్తి. ఒక పూట అక్కడే కూర్చున్నాను. ఒక కుర్రవాడు వచ్చి, తువ్వాళ్లు తీసుకున్న వ్యాపారి నాలుగు నెలలుగా డబ్బివ్వడం లేదని మొరపెట్టుకున్నాడు.

“2006లనే చట్టం వచ్చె గదా! నీ పేరు ఉద్యమ్‌ల రాసినం. రాతకోతలు లేకుంటే 15 దినాలు, ఉన్నా 45 దినాలు దాటొద్దు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. మొహమాటపడితే మగ్గం అమ్ముకోవలసి వస్తది!” అని బావగారు గట్టిగా మందలించారు. నాకు గర్వమనిపించింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లాము. అక్క ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతున్నది. చేతికి గాజులు లేవు. మేనకోడలి కాలేజీ ఫీజుకు కుదువ పెట్టారట. నాకు భోజనం సహించలేదు.

“బావగారూ, మీకు రావలసిన ఫీజుల లెక్క యేది?” అన్నాను.

ఆయన నవ్వేశారు. “ఎట్ల అడగాలె? పొద్దున లేస్తే ఒకరి మొఖం ఒకరు చూసుకునేటోళ్లం.”

అక్క లోపలినుంచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. ఏ రోజు ఎన్ని వేల బీడీలు చుట్టిందో, కార్ఖానాలో ఎన్ని తిప్పికొట్టారో, చేతికి ఎంత వచ్చిందో అన్నీ వున్నాయి. “మీ బావ ఊరందరి లెక్కలు రాస్తడు. ఈ ఇంటి లెక్క నేను రాస్తున్న” అన్నది. ఆ వూరి యాస ఆమెకు ఎప్పుడో అబ్బింది.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని ఒక పట్టీ తయారుచేశాము. ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. కొందరి బాకీ మూడేళ్లనాటిది. ఒక పేరు దగ్గర బావగారి కలం ఆగింది. ఆయన పోయి ఆరునెలలైంది. భార్య బీడీలు చుట్టి పిల్లలను పోషిస్తున్నది. ఆ పేరు కొట్టివేశారు. అక్క కాదనలేదు. మిగిలిన ముప్పైకీ మరునాడు ఆయనే చీటీలు వ్రాశారు. నేను బయలుదేరేనాటికి ముగ్గురు డబ్బు తెచ్చి ఇచ్చారు. “అడిగితే కదా ఇచ్చేది” అన్నాడట వారిలో ఒకాయన.

బావగారిని తలచుకుని నవ్వుకుంటూ తిరుగు రైలెక్కాను. ఆ నవ్వు గుంతకల్లు దాకా కూడా నిలవలేదు. మా ఆఫీసులో ప్రావిడెంటు ఫండు కాగితాలు చూచేది నేనే. పెళ్లయిన ప్రతి కుర్రవానికీ, “పాత నామినేషన్ ఇక చెల్లదు నాయనా, వెంటనే కొత్తది వేయి” అని చెప్పేదీ నేనే. నా నామినేషన్‌లో మాత్రం పెళ్లికి ముందు వ్రాసిన మా అమ్మ పేరే వున్నది. అమ్మ పోయి తొమ్మిదేళ్లు. నాకేమైనా అయివుంటే నా భార్యాబిడ్డలు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కవలసి వచ్చేదో!

మరునాడు ఆఫీసుకు వెళ్లగానే కంప్యూటరు తెరచి ముందు ఆ పని ముగించాను. సాయంకాలం సంగతి చెబితే నా భార్య, “ఇన్నాళ్లూ ఎవరికండీ చెబుతూ వచ్చారు?” అన్నది.

చదువరులారా, ఈ పత్రిక పక్కన పెట్టి ఒక్కసారి మీ బీరువా కూడా తెరచి చూడండి.