సీజన్ టిక్కెట్టు

డిగ్రీలో చేరిన కొత్తల్లో పొద్దున్నే సంగం జాగర్లమూడి స్టేషన్‌లో గుంటూరు బండి కోసం నిలబడేదాన్ని. అటు తెనాలి వైపు అంగలకుదురు, ఇటు వేజెండ్ల. నాన్న అప్పటికే నాట్లకు పొలం వెళ్లేవాడు. వడ్లమూడిలోని విజ్ఞాన్ కాలేజీలో చేరే పిల్లలు పెట్టెలతో మా ఊళ్లోనే దిగేవాళ్లు. వాళ్లు ఇల్లు వదిలి మా ఊరికి వస్తుంటే, నేను మా ఊరు వదిలి వెళ్తున్నాను. వాళ్ల కళ్లలో బెంగ చూస్తే నాది చిన్నదే అనిపించేది. అయినా బెంగ బెంగే.

ఇంటర్ దాకా లెక్కలన్నీ తెలుగులోనే చదివాను; డిగ్రీలో అంతా ఇంగ్లీషే. ‘అవకలనం’ అంటే తెలిసిన నాకు ‘డిఫరెన్సియేషన్’ అంటే అదేనని తెలియడానికి వారం పట్టింది. నాకు రాక కాదు, పేరు మారింది. ఈ మాట ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఎన్ని రాత్రుల ఏడుపు తప్పేదో! నోటుపుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట రాసుకోవడం రైల్లోనే మొదలుపెట్టాను.

నేను చేరిన గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది. ఈ పల్లెల నుంచి ఎన్ని తరాల పిల్లలు ఇలా క్యారేజీ పట్టుకుని పట్నం వెళ్లారో అనుకుంటే ధైర్యం వచ్చేది.

సంక్రాంతికి కోతలైపోయి, మాగాణిలో మినుము మొలిచింది. ఒక సాయంత్రం బండి దిగగానే, పెట్టెతో దిగిన అమ్మాయి వడ్లమూడికి దారి అడిగింది. ఆటో దాకా తోడు వెళ్లాను.