అమ్మ బుగ్గలు

మాయమ్మకి బుగ్గలుండేవి. ముందు ఈ మాట రాసుకోవాలి. గోపాలపట్నంలో మా పేట ఆడోళ్లంతా ఇటుకలు, సిమెంటు తట్టలు మోసి ఎండిపోయినోళ్లే. మాయమ్మ ఒక్కతే గుండ్రటి మొకంది. అయ్య పోర్టులో కళాసీ. 2003లో పోయాడు. మన దేశంలో ఎయిడ్స్‌కి సర్కారు ఉచితంగా మందులివ్వడం మొదలెట్టింది 2004 ఏప్రిల్ 1న. ఆ ఒక్క ఏడాది మీద నాకిప్పటికీ కోపం.

అమ్మకి 2006లో మందులు మొదలయ్యాయి. స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. పొద్దున, రాత్రి. అప్పుడే నేను డిగ్రీలో చేరాను. మా ఇంట్లో పదో తరగతి దాటిందాన్ని నేనే. ఆ మందులు అమ్మను నిలబెట్టాయి. దగ్గు పోయింది. మళ్లీ తట్ట ఎత్తింది.

రెండేళ్లకి మొకం మారిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి. కణతల దగ్గర గుంటలు పడ్డాయి. చేతుల మీద నరాలు తాళ్లలా తేలాయి. పిర్రల్లో కొవ్వు లేక నేల మీద కూచుంటే ఎముక గుచ్చుకునేది. అరికాళ్లు ఒకటే మంట. పేటలో గుసగుసలు. నిజానికి రోగం తగ్గుతోంది, రక్తంలో సీడీ4 కణాలు పెరుగుతున్నాయి. మొకాన్ని తింటున్నది మందు. స్టావుడిన్ మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది, దాంతో మొకంలో, కాళ్లూచేతుల్లో కొవ్వు కరిగిపోతుంది. ఇది మాకెవరూ చెప్పలేదు. ఎన్నో ఏళ్లకి చదివి తెలుసుకున్నాను. అప్పుడు నేనూ పేటలాగే అనుకున్నాను.

కాలేజీలో నాకు బహుమతిచ్చిన రోజు అమ్మని రావద్దన్నాను. ఎండెక్కువని చెప్పాను. ఆమె నాకేసి చూసి "అలగేలే అమ్మీ" అంది. కులం తెలియాలంటే ఇంటిపేరో, ఊళ్లో పేటో అడగాలి. రోగానికి ఆ శ్రమ కూడా అక్కర్లేకపోయింది, అమ్మ మొకం మీదే రాసుంది.

2010లో నా పెళ్లిమాటలు వచ్చాయి. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే మాత్రల సీసాలు దొరికాయి, మూడు నెలలవి, మూత తియ్యనివి. "ఒగ్గేసినాను. పెళ్లినాటికి మొకం తిరిగొస్తాదేమోనని" అంది. ఆ తర్వాత జ్వరం, విరేచనాలు. ఒక ఆసుపత్రిలో మా చీటీని చేత్తో ముట్టకుండా పెన్నుతో వెనక్కి నెట్టారు. ఆ నెట్టడం మాకు కొత్త కాదు, తాతలనాటి నుంచీ ఎరుగుదుం. ఆ పెళ్లి తప్పిపోయింది. అది పోతే పోయింది.

స్టావుడిన్ చవక. డబ్బున్న దేశాల డాక్టర్లు అప్పటికే పక్కన పెట్టేస్తున్న మందు మా పేటకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మానుకోమన్నది 2009లో. అమ్మకి మార్చింది 2012లో. బుగ్గలు మాత్రం తిరిగి రాలేదు. అయినా ఆ చవక మందే లేకపోతే అమ్మే లేదు. రెండూ నిజమే. ఏదో ఒకటి చెప్పమంటే నేను చెప్పను.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ గ్యాసు లీకైనప్పుడు అమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. చేతిలో మాత్రల డబ్బా ఉంది.

మరుసటేడు డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర ఇచ్చారు. రోజుకి ఒక్కటే. వైరస్‌ని గట్టిగా అణుస్తుంది. కానీ అమ్మ తొమ్మిది కిలోలు పెరిగింది. అంతా పొట్టే, నడుమే. పరగడుపున చక్కెర 168. వయసు కూడా ఉంది, అంతా మందు మీదికే నెట్టను. కానీ దక్షిణాఫ్రికాలో ఈ మందు మీద చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. అక్కడా బరువు ఎక్కువగా పెరిగింది ఆడవాళ్లలోనే.

పేట ఇప్పుడు "కూతురి జీతం తిని బలిసింది" అంటోంది.

అన్నం తగ్గించి చోళ్లు తినమన్నారు, రోజూ నడవమన్నారు. అమ్మ నవ్వింది. "చోడంబలి తాగే రోజుల్లో మనల్ని అడిగినోడు లేడు. తట్టలు మోసినదంతా నడక కాదేటి?" సలహా మంచిదే. మందు మాత్రం మానకూడదనీ, చక్కెర, కొవ్వు పరీక్షలు అడిగి చేయించుకోవాలనీ నేను పోరుతుంటాను. "మళ్లీ ఒగ్గేస్తానని భయమేటి?" అంటుంది. భయమే.

వచ్చే సోమవారం పరగడుపు రక్తపరీక్ష. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లాలి. ఇది రాయడానికి అమ్మ ఒప్పుకుంది, పేరు వద్దంది. ఇన్నేళ్లూ బడిలో సెలవు చీటీ మీద "స్వంత పని" అని రాశాను. ఈసారీ అదే రాసిచ్చాను.