నెల రోజుల బసకు గది వెతుకుతూ

మన ఇళ్ళలో ఒకప్పుడు ప్రయాణం అనగానే వచ్చే మొదటి ప్రశ్న, "అక్కడ మనవాళ్ళెవరున్నారు?" అని. చుట్టమో, చుట్టానికి చుట్టమో దొరికితే బస సంగతి తేలిపోయినట్టే. ఎవరూ లేకపోతే సత్రం. ఇప్పుడు ఫోను తెరిస్తే ఏ ఊళ్ళోనైనా కావలసినన్ని గదులు కనిపిస్తాయి. రెండు రాత్రులకైతే ఏది తీసుకున్నా పెద్ద తేడా ఉండదు. నెల రోజులు ఉండాలంటే మాత్రం లెక్కంతా మారిపోతుంది. 2025లో మా అమ్మ కార్తీక మాసమంతా కాశీలో ఉంటానన్నప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఏ మజిలీలో నీళ్ళున్నాయో, దుకాణాలున్నాయో, దిగడానికి వసతి ఉందో దారిపొడుగునా రాసుకుంటూ వెళ్ళారు. గది తీసుకునే ముందు ఈనాడు మనం చదివే అభిప్రాయాలకు అదే పెద్దన్న.

అమ్మకు 79 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కింది అంతస్తులో గది కావాలి. మడి వంటకు చోటుండాలి. కాశీ సందుల్లోకి ఆటోలు రావు కాబట్టి ఎక్కువ నడక లేకుండా ఉండాలి. పాండే హవేలీ చుట్టుపక్కల తెలుగువారి సత్రాలున్నాయి. కానీ రద్దీ రోజుల్లో ఒకే కుటుంబానికి నెల పొడుగునా గది ఇమ్మని అడగడం న్యాయం కాదు. అందుకని సైట్లు వెతకడం మొదలుపెట్టాను.

మొదట గమనించింది, పేర్లు ఎక్కువే గాని యజమానులు తక్కువ. మేక్‌మైట్రిప్, గోఐబిబో 2017 నుంచి ఒకే సంస్థవి. బుకింగ్ డాట్ కామ్, అగోడా కూడా ఒకే గొడుగు కిందివి. రెండూ చూశాం కదా, నాలుగు కొట్లు తిరిగినట్టే అనుకోవడానికి లేదు. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్, గోఐబిబోలకు 223 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. హోటళ్ళవారు ఇంకెక్కడా, తమ సొంత సైట్లో కూడా, అంతకన్నా తక్కువకు అమ్మకూడదన్న షరతులు అందులో ఒక కారణం. కాబట్టి సైట్లో రేటు చూశాక నేరుగా హోటలుకు ఒక ఫోను చేయడంలో తప్పులేదు.

రెండోది పన్ను. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం పోయి 5 శాతం అయింది. పైకి కనిపించే రేటులో పన్ను, సేవా రుసుము కలిశాయో లేదో చూసి, చివరి మొత్తాన్నే పోల్చాలి.

అసలు విషయం మూడోది. అప్పు పత్రంలో వడ్డీ రేటు అందరూ చూస్తారు, ముందే తీర్చేస్తే ఏమవుతుందన్నది ఎవరూ చూడరు. గదులదీ అదే కథ. ఎయిర్‌బిఎన్‌బిలో 28 రాత్రులు, ఆపైన బసకు రద్దు షరతులు వేరు. మధ్యలో ఖాళీ చేస్తే, ఆ తర్వాత 30 రోజుల దాకా అద్దె వదులుకోవలసి రావచ్చు. నెలకు తీసుకుంటే తగ్గింపు ఇస్తారు నిజమే. ఆ తగ్గింపు ఊరికే రాదు.

మాకు నచ్చిన ఇంటికి నెల మొత్తానికైతే 45,000. విడతలుగా తీసుకుంటే రోజుకు 1,750 చొప్పున 30 రాత్రులకు 52,500. నేను విడతలకే మొగ్గాను. ఆ 7,500 తేడాను బీమా ప్రీమియం అనుకున్నాను. కార్తీక పౌర్ణమినాటి దేవ దీపావళికి గదులు దొరకవు కాబట్టి ఆ వారాన్ని ముందు ఖాయం చేసి, తర్వాత మిగతావి తీసుకున్నాను. ప్రతి విడతనూ ముందురోజు దాకా రద్దు చేసుకునే వీలుంది.

అమ్మకు తోడుగా మా ఆవిడ ఉంది. పౌర్ణమి వైభవంగా గడిచింది. పంతొమ్మిదో రోజున మా ఆవిడ ఫోను చేసి, అత్తయ్య మోకాలు వాచిందనీ, రాత్రంతా నిద్రలేదనీ, నాకు చెప్పవద్దన్నారనీ చెప్పింది. అమ్మ ఫోను తీసుకుని అడిగిన మొదటి మాట, "కట్టిన డబ్బు సంగతేంట్రా?"

"బుధవారంతో ఈ విడత సరిపోతుందమ్మా. తర్వాతది రద్దు చేస్తే ఒక్క రూపాయి కూడా పోదు," అన్నాను.

ఒక్క క్షణం ఊరుకుని, "అయితే వచ్చేస్తాను," అంది.

నెల మొత్తానికి కట్టి ఉంటే ఆమె వచ్చేది కాదు. మన పెద్దవాళ్ళు నొప్పినైనా ఓర్చుకుంటారు గాని, పిల్లల డబ్బు వృథా కావడం ఓర్చుకోరు. లెక్క చూస్తే 8,250 రూపాయలు మిగిలాయి. నాకు మిగిలింది అది కాదు.

తల్లిదండ్రులను తీర్థాలకు తీసుకువెళ్ళినా, వైద్యానికని ఇక్కడికే పిలిపించి కొన్ని వారాలు గది తీసుకున్నా, ఫొటోలూ చుక్కలూ చూశాక ఒక్క ప్రశ్న వేసుకోండి: రేపే వెళ్ళిపోవాలంటే ఏమవుతుంది? దానికి సరైన జవాబిచ్చిన చోటే మంచి బస.

అమ్మ మిగిలిన కార్తీక దీపాలను బెంగళూరులోనే, మా బాల్కనీలో తులసికుండీ పక్కన, కుర్చీలో కూర్చుని వెలిగించింది.