మామత్‌లు, మనుబోతులు

'వాకింగ్ విత్ బీస్ట్స్' అని బీబీసీ వాళ్ళ సిరీస్ ఒకటుంది. 2001లో వచ్చింది. అంటే మనలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. డైనోసార్లు పోయాక పాలిచ్చి పిల్లల్ని సాకే జంతువులు భూమినంతా ఎట్లా ఆక్రమించుకున్నాయో ఆరు ఎపిసోడ్లలో చూపిస్తారు. ఆ గ్రాఫిక్స్ చూసి ఇప్పుడు మన సీఎస్ఈ వాళ్ళు నవ్వుతారేమో గానీ, కథ మాత్రం మనల్ని కదలనీయదు.

నాకు మాత్రం చూసేకొద్దీ కడుపుమంట మొదలైంది. జర్మనీ, మంగోలియా, ఇథియోపియా, దక్షిణ అమెరికా అన్నీ తిరిగొస్తారు. మన దక్కన్ ఊసే లేదు. మొదటి ఎపిసోడ్లో ఆంబ్యులోసీటస్ అని ఒక జంతువు కనిపిస్తుంది, తిమింగలాల పూర్వీకుల్లో ఒకటి. కాళ్ళుంటాయి, మొసలి మాదిరిగా నీళ్ళలో పొంచి ఉంటుంది. దాని ఎముకలు దొరికింది 1990ల్లో, ఇప్పటి పాకిస్తాన్‌లోని పంజాబ్ కొండల్లో. సిరీస్‌లో మాత్రం దాన్ని జర్మనీ చెరువులో ఈదించినారు! మన ఉపఖండపు జీవికి పాస్‌పోర్టు లేకుండానే జర్మనీ వీసా ఇచ్చినారన్నమాట.

చివరి ఎపిసోడ్ మామత్‌ల వలస. 30 వేల ఏళ్ళ కిందటి యూరప్. అప్పుడు ఉత్తర సముద్రం ఉన్న చోట పచ్చిక మైదానం. ఎండాకాలం అక్కడ మేసి, చలి ముదిరేసరికి మంద మందంతా దక్షిణాన ఆల్ప్స్ వైపు నడుస్తుంది. ఇది మాత్రం నేను సెలవుల్లో చెన్నూరుకు పోయినప్పుడు ఫోన్లో మా జేజికి చూపించినా. ఇంగ్లీషు రాదు కాబట్టి కామెంటరీ నాదే. కాసేపు చూసి అడిగింది: "యేటా పొయ్యి యేటా తిరిగొస్తాయా? మేలురా అబ్బీ. మీ నాయన రెండేండ్లకోపారి గదా వచ్చేది."

మా నాయన కువైట్‌లో డ్రైవరు. కడప జిల్లాలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు, వీధికి నలుగురైదుగురు అక్కడే ఉంటారు. నేను ఏం మాట్లాడలేదు. జేజి ఇంకో ప్రశ్న వేసింది: "అన్నీ సచ్చిపొయ్యినేటివే సూపిస్తాండారే, బతికుండేటివి ల్యావా?"

ఈ ప్రశ్నకు జవాబు మా జిల్లా పక్కనే దొరికింది.

మన ఇండ్లల్లో పరిచే నాపరాయి ఉంది కదా, జమ్మలమడుగు వైపు తవ్వేది. ఆ సున్నపురాయి పుట్టేనాటికి భూమ్మీద ఎముకలున్న జీవి ఒక్కటీ లేదు. రాయిలో వెతికితే ఏమీ దొరకదు. కానీ నీళ్ళు ఆ రాయిని తొలిచి గుహలు చేసినాయి, గుహల్లో మన్ను చేరింది, ఆ మన్నులో ఎముకలు మిగిలినాయి. బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల్ని 1880ల్లో జియాలజికల్ సర్వే రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వించినారు. అక్కడ ఖడ్గమృగం ఎముకలు కూడా దొరికినాయి. దానికి పెట్టిన పేరు చూడండి: రైనోసెరస్ కర్నూలియెన్సిస్! రాయలసీమలో ఖడ్గమృగం తిరిగిందంటే మా జేజి ఇప్పటికీ నమ్మదు.

అసలు సంగతి 2014లో వచ్చిన ఒక పరిశోధన పత్రంలో ఉంది. ఈ గుహల్లో మళ్ళీ తవ్వి, ఒక్కో పొర వయసు లెక్కగట్టి, దాదాపు 2 లక్షల ఏళ్ళ చరిత్ర పేర్చినారు. గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో 20 ఇప్పటికీ మన ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయి. మనుబోతు, కొండముచ్చు, ఏదుపంది, అన్నీ మనకు తెలిసినవే. ఈ మధ్యలో ఏం తక్కువ జరగలేదు. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలింది, దాని బూడిద పొర అదే కర్నూలు ప్రాంతంలో జ్వాలాపురం దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది. వానలు తప్పినాయి, మనుషులు వచ్చినారు. మామత్‌లు పోయినాయి గానీ, మన మనుబోతు మిగిలింది.

పోవడంలో కథ ఉంటుంది కాబట్టి టీవీ వాళ్ళు దాన్ని తీస్తారు. ఉండిపోవడాన్ని ఎవరు తీస్తారు? రెండు బర్రెల్ని, ఇంటిని, నన్ను, మా చెల్లెల్ని ఒక్కతే చూసుకున్న జేజి మీద ఎవరూ ఆరు ఎపిసోడ్లు తీయరు. మూడో సంవత్సరంలో ఉన్నా కదా, "బెంగళూరా, హైదరాబాదా?" అని ఇంటికొచ్చిన ప్రతి బంధువూ అడుగుతాడు. "చెన్నూరా?" అని మాత్రం ఎవరూ అడగరు.

జేజికి ఇదంతా చెప్తే లెక్క పట్టుకుంది: "ఇరవై ఉండాయి సరే, ఆ మిగిలిందొకటి యాడికి పొయ్యింది?"

అది గెలాడాకు దగ్గరి చుట్టమైన కోతి. గెలాడాలు ఇప్పుడు ఇథియోపియా కొండల్లో మాత్రమే ఉన్నాయి, గడ్డి మేసి బతుకుతాయి. ఆ వంశం పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడినుంచి అరేబియా వైపుగా ఇంత దూరం వచ్చి, ఒకప్పుడు మన సీమ గడ్డి మేసింది.

"అరబ్బు దేశమా? అయితే అది గూడా కువైట్‌కే పొయ్యుంటాదిలే" అనింది జేజి.

బేలం గుహలకు మనవాళ్ళు ప్రతి ఏడూ బస్సు వేసుకుని పోతారు, లోపల సెల్ఫీలు దిగుతారు, తిరిగొస్తారు. అవీ ఈ సున్నపురాయిలోవే. ఈసారి బస్సును బేతంచెర్ల దాకా పోనిద్దాం. బిలస్వర్గంలో చూడ్డానికి రంగురంగుల లైట్లేమీ ఉండవని ముందే చెప్తున్నా. వచ్చేవాళ్ళు మంచి బూట్లు వేసుకోండి.