చెప్పుకొనలేని జబ్బు

మేము కోయంబత్తూరులో పుట్టి పెరిగిన తెలుగువారము. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళము. రెంటిలోను బేరమాడగలము, పోట్లాడగలము. కాని 2021లో డాక్టరుగారి ముందు కూర్చున్ననాడు ఏ భాషలోను మాకు మాట పెగల్లేదు. రాత్రికి ఎన్నిసార్లు లేస్తారని వారు అడిగినారు. ప్రక్కన కుమారుడు నేల చూపులు చూస్తున్నాడు. "అయిదుసార్లు" అని మెల్లగా చెప్పినాము.

అప్పటికి రెండేండ్లుగా అదే అవస్థ. ఒంటేలుకు లేవడము, చుక్కచుక్కగా పోవడము, మంచ మెక్కగానే మళ్లీ వచ్చినట్లుండడము. ముసలితనమని సరిపెట్టుకొన్నాము. ఇంతలో జలుబు చేసి, మందుల అంగడిలో అడిగి మాత్రలు తెచ్చి మింగినాము. ఆ రాత్రి ఒంటేలు పూర్తిగా బిగిసిపోయినది. ఆ నొప్పి పగవాడికైనా వద్దు! ఆసుపత్రిలో గొట్టము వేసి తీసినాకగాని ప్రాణము కుదుటపడలేదు. కొన్ని జలుబు మాత్రలు మూత్రాశయము మెడను బిగిస్తాయని అప్పుడే తెలిసినది.

ప్రాస్టేటు అనే గ్రంథి మూత్రాశయము క్రింద, నాళము చుట్టూ ఉంటుంది. వయసులో అక్రోటుకాయంత. ముదిమిలో పెరిగి నాళమును నొక్కుతుంది. మాకు వచ్చినది ఆ పెరుగుదలే. అది క్యాన్సరు కాదు. రాత్రి పూట ఒక మాత్రతో ఇప్పుడు ఒక్కసారి లేస్తున్నాము. ఆ మాత్ర వేసుకొన్నవారు గబుక్కున లేస్తే తల తిరుగుతుంది, జాగ్రత్త.

మా అన్నగారి సంగతి వేరు. 2014లో నడుము నొప్పి అని ఆరు నెలలు తైలము మర్దనా చేయించుకొన్నారు. పీ.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష చేయించే సరికి క్యాన్సరు వెన్నెముకకు ప్రాకినది. రాత్రుళ్లు లేస్తున్నారని వదినగారికి తెలుసు. ఆయన మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

తండ్రికో తోబుట్టువుకో వచ్చిన ఇంట తక్కినవారికి భయ మెక్కువ. అటువంటివారు 45వ ఏటనే, ఇతరులు 50లో, ఈ పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడడము మంచిది. అంకె పెరిగినంతలో క్యాన్సరని బెంగ వద్దు. గ్రంథి పెరిగినా, వాచినా అది పెరుగుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు సైకిలు త్రొక్కరాదు.

ఇక తిండి. సాయంత్రము అయిదు దాటితే మా ఇంటావిడ కాఫీ ఫిల్టరును దాచేస్తున్నది. మా శిక్షలలో ఇదే పెద్దది! నీళ్లు పగలే త్రాగి, పడకకు రెండు గంటల ముందు ఆపుతున్నాము. కూరలు, పండ్లు, పప్పు ఎక్కువ. మాంసము, నేయి తక్కువ. టమాటా చారు మంచిదంటారు. రుచి కోసము త్రాగుతున్నాము, పరీక్షకు బదులుగా కాదు. అల్లుడు పంపిన విటమిన్ ఇ సీసా మాత్రము మూత తీయలేదు. అమెరికా, కెనడాలలో 35,000 మందికి పైగా పురుషులపై జరిపిన పరిశోధనలో, ఆ మాత్రలు మింగినవారికి ఈ క్యాన్సరు తగ్గలేదు సరికదా 17 శాతము ఎక్కువగా వచ్చినదని 2011లో తేలినది.

మొన్న ఒక పెండ్లిలో మా బావమరది రాత్రి మూడుసార్లు లేవడము చూచినాము. తెల్లవారి పందిరి వెనుకకు పిలిచి అడిగితే మొదట నవ్వినాడు. తరువాత "మీకెట్లా తెలిసింది, బావా?" అన్నాడు. సోమవారము వెంటబెట్టుకొని వెళ్లినాము. పేరు వ్రాయించి బల్లమీద కూర్చున్నాక, "లోపల ఏ భాషలో చెప్పమంటారు?" అని చెవిలో అడిగినాడు.